పైన ఫైబర్ సరే, లోపల చెక్క సంగతేంటి?

మనది ఉక్కు నగరం. క్లాసుల్లోనూ ఉక్కు, కాంక్రీటు చుట్టూనే తిరుగుతాం. ఫైబర్ అతికించి బలపరచడం అనగానే మనకి గుర్తొచ్చేది కాంక్రీటు స్తంభమో, ఫ్లైఓవరో. కానీ వైజాగ్‌లో ఫైబర్‌ని చెక్కకి అతికించే పని ఎప్పుడూ కనిపించే చోటు ఫిషింగ్ హార్బర్.

అక్కడి మరబోట్లలో చాలావరకు చెక్కవే. ఉప్పునీరు, చెక్కని తొలిచే సముద్రపు పురుగులు దరిచేరకుండా పైన గ్లాస్ ఫైబర్ మ్యాట్ పరిచి రెసిన్ పూస్తారు. పద్ధతి మంచిదే. నా అభ్యంతరమల్లా "ఫైబర్ వేసేశాం, ఇంక ఢోకా లేదు" అన్న ధీమా మీదే.

ఎందుకంటే ఫైబర్ ఎంత గట్టిదైనా అతుకు ఊడితే దండగే. చెక్క తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఫైబర్ పొర అంతగా కదలదు. ఆ పెనుగులాటంతా మధ్యలోని పల్చటి రెసిన్ మీద పడుతుంది. చెమ్మ ఆరకుండానో, డీజిల్ జిడ్డు మీదో పూస్తే ఇక చెప్పేదేముంది? మేకు కన్నంలోంచి లోపలికెళ్ళిన నీరు బయటికి రాలేదు. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల కుళ్ళిపోతుంటుంది. చవకని పాలియెస్టర్ రెసిన్ వాడతారు గానీ, చెక్కని గట్టిగా పట్టేది ఎపాక్సీ. అది ఖరీదు.

పాత పెంకుటింటి దూలానికీ ఇంతే. బరువుకి వంగినప్పుడు దూలం అడుగు భాగం సాగుతుంది. అక్కడ ఫైబర్ పట్టీ అతికిస్తే ఆ లాగుడులో వాటా తీసుకుంటుంది. గోడలో దూరిన కొస కుళ్ళిపోయి ఉంటే మాత్రం ఏ పట్టీ కాపాడదు. ముందు కుళ్ళు తీసెయ్యాలి, కొత్త చెక్క అతకాలి, ఆరనివ్వాలి. ఆ తర్వాతే ఫైబర్.

ఇంకో మాట. 2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి 40 దాకా బోట్లు దెబ్బతిన్నాయి. నీటిని ఆపే రెసిన్ నిప్పుని ఆపదు, తనూ మండుతుంది. ఒక్కో బోటు మీద ఓనరుదే కాదు, కళాసీల ఇళ్ళూ నడుస్తాయి.

కలప డిజైనుకి ఐఎస్ 883 కోడ్ ఉంది. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం మన ఊళ్ళోనే ఉంది. ల్యాబులో టెస్టింగ్ మెషీన్ ఉంది. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఇంకేం కావాలి? ఆరిన చెక్క, తడి చెక్క తీసుకుని, రెండింటి మీదా రెండు రెసిన్లూ వేసి, ఏ అతుకు ఎంత బరువుకి ఊడుతుందో చూద్దాం. ఆ లెక్కలు తెలుగులో రాసి హార్బర్ మేస్త్రీల చేతిలో పెడదాం. వాళ్ళ అనుభవం కూడా అడిగి రాసుకుందాం. ల్యాబు రికార్డులో మూలనపడే మరో కాంక్రీటు క్యూబ్ కన్నా అది ఎక్కువ పనికొస్తుంది.