మూగజీవికి అరువు గొంతు

జంతువుని మనం మూగజీవి అంటాం. సినిమా కూడా మూగగా ఉన్నన్నాళ్లూ తెర మీద కుక్కకీ మనిషికీ పెద్ద తేడా ఉండేది కాదు. ఇద్దరూ కళ్లతో, ఒంటితో నటించాల్సిందే. అందుకే 1920లలో రిన్ టిన్ టిన్ అనే జర్మన్ షెపర్డ్ కుక్క వార్నర్ బ్రదర్స్‌కి పెద్ద తార కాగలిగింది. టాకీలు రాగానే, మాట రాని తార ఇక అక్కర్లేదని ఆ సంస్థ దాన్ని వదులుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎం.జి.ఎం. స్టూడియోలో జయాన్ మయర్స్, జూల్స్ వైట్ అనే దర్శకులు కుక్కల చేత మాట్లాడించారు. 1929–31 మధ్య వచ్చిన ఆ తొమ్మిది పొట్టి చిత్రాలకు డాగ్‌విల్ కామెడీలని పేరు. మనుషులు వెయ్యాల్సిన వేషాలన్నీ కుక్కలే వేశాయి. కోట్లూ గౌన్లూ తొడుక్కుని, టోపీలు పెట్టుకుని వెనక కాళ్ల మీద తిరుగుతాయి, ప్రేమించుకుంటాయి, అసూయతో హత్యలు చేసి బోనెక్కుతాయి. ‘బ్రాడ్‌వే మెలొడీ’కి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందిన 1930లోనే, అదే స్టూడియో ‘డాగ్‌వే మెలొడీ’ తీసి తన సొంత సినిమానే ఆటపట్టించింది. అంత ధైర్యం నాకు ఎంతో నచ్చుతుంది.

కుక్కల నోట్లో టాఫీ పెట్టి నమిలించేవారని చెబుతారు. ఆ దవడల కదలికకి తర్వాత మనుషులు గొంతు కలిపారు. గొంతుని ఒంటి నుంచి విడదీసి ఇంకొకరికి అతికించవచ్చని సినిమా అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. డబ్బింగ్ సినిమాల మధ్య పెరిగిన మనకు అది మామూలు సంగతి. ఆనాటి ప్రేక్షకుడికి మాత్రం ఇంద్రజాలం. పైగా, అనుమానపు మొగుడి మాటలు పలుకుతున్న ఆ కుక్క ముఖంలో అనుమానం జాడే ఉండదు. అంత కల్మషం లేని ముఖం మీద మన యావ, మన పగ వినబడేసరికి నవ్వు ఆగదు. పక్షులతో తీసిన ‘బిల్ అండ్ కూ’ 1948లో ప్రత్యేక ఆస్కార్ పొందినా, నా మనసు ఈ కుక్కల దగ్గరే ఆగిపోయింది.

ఆగిపోవడానికి మరో కారణం కూడా ఉంది. పంచతంత్రంలో దమనకుడనే నక్క ఎంత మాట్లాడినా ఏ నిజం నక్కకీ కాళ్లు నొప్పి పుట్టవు. ఆ కథని తెలుగు చేసిన చిన్నయ సూరి వాక్యంలో ఆ నక్క హాయిగా నాలుగు కాళ్ల మీదే ఉంటుంది. కెమెరా ముందు అలా కుదరదు, నిజం కుక్క నిజంగా నిలబడాలి. ‘జెస్సీ జేమ్స్’ చిత్రీకరణలో గుర్రం చనిపోయాక, 1940లో గానీ అమెరికన్ హ్యూమేన్ అనే జంతు సంరక్షణ సంస్థ హాలీవుడ్ సెట్ల మీద నిఘా పెట్టలేదు. డాగ్‌విల్ కుక్కలకి ఆ కాపు లేదు. ఈ చిత్రాలని కనబడకుండా దాచెయ్యమని నేను అనను. భద్రపరచాలి, చూడాలి, నవ్వాలి కూడా. చూసేటప్పుడు ఒక్కసారి వాటి కళ్లని గమనించండి. భార్యని నిలదీస్తున్న భర్త భార్యవైపు చూడడు. తెర అంచు దాటి, మనకి కనబడని శిక్షకుడి చేతివైపు చూస్తూ ఉంటాడు.