గృహకళలు : నూనెరంగు కడ్డీలు

మా సుల్తాన్‌పూరు సోదరి యొకతె క్రిందటి మాసమున ఒక పటమును చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. ఆయిల్ పెయింట్ స్టిక్కులతో బతుకమ్మను చిత్రించి, మూడవనాడే గాజు బిగించి పటము కట్టించినదట. తంగేడుపూల పసుపంతయు గాజున కంటుకొని యుండెను. "అక్కా, మా పిల్లలు క్రేయాన్లతో వేసిన పటములు ఇట్లు కాలేదే!" యని యామె వాపోయెను.

అంగడిలో ఒక్కతీరుననే కనిపించు కడ్డీలు రెండు జాతులవి. ఆయిల్ పాస్టెల్‌లో ఎన్నడును ఆరని నూనెయు, మైనమును ఉండును. చిత్రకారుడు పికాసో కోరికపై పారిస్‌లోని సెనెలియే వారు 1949లో మేలురకముగా తయారుచేసిన దిదియే. ఆయిల్ పెయింట్ స్టిక్ అట్టిది కాదు. అవిసెనూనె వంటి ఆరెడు నూనెలో రంగుపొడిని నూరి, కడ్డీగా నిలుచుటకు చాలినంత మైనము చేర్చినది. గొట్టములలో వచ్చు తైలవర్ణమే గట్టిపడి కుంచె లేకయే చేతికి వచ్చినదనుకొనవలెను.

అవిసెనూనె ఆరుట నీటివలె ఆవిరియగుట కాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి అది గట్టిపడును. మన కొబ్బరినూనె ఎన్నినాళ్లున్నను అట్లు కాదు. కావుననే వాడక యుంచిన కడ్డీ మొనపై పొర కట్టును. దానిని చూచి కడ్డీ చెడినదని పారవేయువారు కలరు! పొరను చాకుతో ఒలిచినచో లోపల రంగు వెన్నవలె నుండును. పలుచగా పూసినది కొలదిదినములలో ఆరును. దట్టముగా పూసినది పైకి ఆరినట్లున్నను లోపల నెలల తరబడి పచ్చిగా నుండును. అంతవరకు గాజు తగదు. తరువాతనైనను చిత్రమునకును గాజునకును నడుమ ఎడముండవలెను.

వట్టి కాగితముపై పూయరాదు. కాగితము నూనెను త్రాగి, రంగు చుట్టును మరక దేరి, ఏండ్లు గడచినకొలది పెళుసగును. మన చేర్యాల నకాషీలు ఖద్దరుపై సుద్దయు, చింతగింజల అంబలియు, బంకయు కలిపి పూసి, ఆరిన పిదపనే చిత్రమునకు పూనుకొందురు. వారివి నీటిరంగులు గాన కారణము వేరు. క్రమము మాత్ర మొకటే. మనకు అంగడిలో దొరకు జెస్సో రెండు పూతలు చాలును.

నేనీ సంగతి వ్రాయబూనుటకు అసలు కారణము గుడ్డలు. అవిసెనూనె ఆరునపుడు వేడి పుట్టును. తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి పడవేసినచో ఆ వేడి వెలికి పోలేక, నిప్పు తగులకయే మంట లేవవచ్చును. నేనే యొకమారు అట్టి ముద్దను బుట్టలో వేసి వంటపనిలో పడితిని. సాయంకాలము చేయి పెట్టగా వెచ్చగా నుండి, ఘాటైన వాసన కొట్టెను. ఆ బుట్టలో పాతకాగితములు కూడ నుండెను! నాటినుండి అట్టి గుడ్డలను పెరటి నీడలో ఒక్కొక్కటిగా పరచి ఆరవేయుదును. లేదా నీట తడిపి మూతగల ఇనుపడబ్బాలో నుంచుదును. మీరును అట్లే చేయుడు.

చేతులకు కిరసనాయిలు రాయకుడు. వంటనూనెతో తుడిచి సబ్బుతో కడిగిన వదలును. కొన్ని రంగులలో కాడ్మియము వంటి విషలోహము లుండును గాన డబ్బాపై వ్రాత చదువవలెను. పసిపిల్లలకు ఈ కడ్డీ లీయరాదు.

ఆ సోదరి గాజు నూడదీయించి తంగేడుపూలను మరల దిద్దినది. పటము మా యింటి గోడకే ఆని ఆరుచున్నది.