క్షవరమైతేగాని వివరం తెలియదు

మా పెద్దవాడికి 19 యేళ్లు. కొత్తగా గడ్డం గీసుకుంటున్నాడు. గీసుకున్నాక రాసుకొమ్మని నా ఆఫ్టర్‌షేవ్ లోషన్ సీసా నేనే యిచ్చాను. రాసుకోగానే "నాన్నగారూ, మంట!" అన్నాడు.

"మంట పుడితేనే మందు పనిచేస్తున్నట్టు. ఓర్చుకో, అదే అలవాటవుతుంది" అన్నాను, అంతా తెలిసినవాడిలా.

పాపం, పదిరోజులు ఓర్చుకున్నాడు. పదకొండోనాటికి చెంపలు కందిపోయి, మెడనిండా పొక్కులు లేచాయి. కాలేజీకి వెళ్లనని ముసుగుతన్ని పడుకున్నాడు.

"ఏమండీ, ఆ సీసామీద యేం రాసివుందో యెప్పుడైనా చదివారా?" అంది మా ఆవిడ. యిరవై యేళ్లుగా వాడుతున్నానేగాని చదివిన పాపాన పోలేదు. భూతద్దం పెట్టి చదివాను. అర్థం కానిది చర్మవ్యాధుల డాక్టరుగారు విప్పిచెప్పారు.

గడ్డం సబ్బులో ముఖ్యమైనవి స్టియరిక్ ఆమ్లం, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. ఆ చిక్కని నురుగు వాటి చలవే. అయితే మన చర్మానిది కొంచెం ఆమ్లగుణం, పి.హెచ్. లెక్కలో 5 దరిదాపు. సబ్బు నురుగుది 9, 10. అందుచేత చర్మంమీది జిడ్డుపొర పోయి బిరుసెక్కుతుంది. తేమను పట్టివుంచే గ్లిసరిన్ కలిస్తే ఆ బాధ తగ్గుతుంది.

యిక లోషన్ సంగతి. అందులోని ఆల్కహాలు, వేడిని పసిగట్టే నరాలను రెచ్చగొడుతుంది. అవి మన ఒంటి వేడినే మంటగా భ్రమిస్తాయి. మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నరాలను తడుతుంది. చర్మం మాత్రం నిజంగా చల్లబడదు. అంటే మంటా మందు కాదు, చల్లదనమూ మందు కాదు!

మావాడి పొక్కులకు కారణం వేరే వుంది. వీపుమీద పట్టీలు అంటించి, రెండు రోజులుంచి చూశారు. తేలింది సువాసన ద్రవ్యం. సీసామీద 'పర్ఫ్యూమ్' అన్న ఒక్క మాట చాటున డజన్ల కొద్దీ పదార్థాలుండవచ్చునట. మిథైల్ ఐసోథయజోలినోన్ అనే నిలవమందూ యిలాంటిదే. కడిగివేయకుండా ముఖాన వుంచుకొనేవాటిలో దాన్ని యూరపులో 2017లో నిషేధించారు.

"ఉత్త మంట నిమిషాల్లో పోతుంది. ఎలర్జీ అలా కాదు. ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. ఓర్చుకున్నకొద్దీ అలవాటు కాదు, ముదురుతుంది" అన్నారు డాక్టరుగారు. నేను తల వంచుకున్నాను.

కనుక తండ్రులకు నా మనవి. కొత్త లోషన్‌గాని, క్రీముగాని తెస్తే మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. దురదగాని యెరుపుగాని కనిపిస్తే ఆపేయండి. గీసుకొనేముందు రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీటితో తడిపితే గడ్డం మెత్తబడుతుంది. చిన్న గాటు పడితే తడిపిన పటికముక్క నెత్తురు ఆపుతుంది.

మావాడి ముఖం తేటపడింది. నిన్న నేనొక కొత్త సీసా తెస్తే, వాడు అటూ యిటూ తిప్పి, పేర్లన్నీ చదివి, "ముందు మీ మోచేతికి రాసి చూడండి, నాన్నగారూ" అన్నాడు.

ఓర్చుకున్నాను.