ఇసుకలోని మంచినీరు



సముద్రతీరమున కాపురమన్నచో నల్లరేగడి పల్లెలలో పెరిగిన యాడుబిడ్డకు మొదట స్ఫురించునది చల్లగాలి. నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతములందు మిరపకళ్ళములు వేసవి యెండలో ఉడికిపోవుచుండగా, చీరాల, వేటపాలెము, బాపట్లలలో ప్రొద్దు వాటాఱునప్పటికి కడలినుండి గాలి లేచును. నేల త్వరగా వేడెక్కును, నీరు త్వరగా వేడెక్కదు; నేలమీది గాలి వేడెక్కి పైకి పోగా ఆ చోటు నిండించుటకై సముద్రముమీది చల్లనిగాలి యిటు వీచును. ఆ సుఖము నిజమే. కాని యీ తీరమునకు కోడలై వచ్చిన పడతి నాలుగు దినములు గడచిన పిమ్మట గాలిమాట మఱచిపోవును. ఆమెకు వింత గొలుపునది నీరు. పుట్టినింట చేద మునుగుటకు ఎన్ని బారల త్రాడు వలసెడిదో ఆమె యెఱుగును. ఇచ్చట కొన్నిచోట్ల నాలుగైదు మూరలు త్రవ్వినంతనే తేటనీరు ఊఱును. దగ్గరలోనే సముద్రము ఘోషించుచుండ, ఇసుకలో ఈ తీపినీరు ఎట్లు చేరినది?

ఈ నెల ముచ్చట ఆ నీటినిగుఱించియే.

ఇసుకలో వాలుగా త్రవ్విన గుంటలను మనవారు దొరువులందురు. వీనికి గిలకయు త్రాడును అక్కఱలేదు. కడవ చంకనిడుకొని వాలున దిగి, అంచున నిలిచి, ముంచుకొని రావచ్చును. తోటలు పెంచువారు రెండు చేతుల రెండు కడవలు పట్టి దిగి, నీరు ముంచి, పైకెక్కి నారుమడులపై పోయుదురు. ఈ యిసుకనేలలలో కూరగాయలు పండించినవారి చేతులు తరతరములుగా ఇట్లే కాయలు గాచినవి.

ఈ నీరు సముద్రపునీరే యనియు, ఇసుక దాని యుప్పును వడగట్టుననియు తలంచువారు కొందఱు కలరు. ఇసుక బురదను వడగట్టగలదు గాని, కరగిన యుప్పును వడగట్టలేదు. దొరువులోనిది వాననీరు. ఇసుకపై పడిన వాన పాఱిపోక క్రిందికి దిగును. లోతున సముద్రపు టుప్పునీరు నిండియుండును. ఉప్పునీరు బరువు, వాననీరు తేలిక. కాన పాలపై మీగడ నిలిచినట్లు వాననీరు పైన నిలుచును. 1889 ప్రాంతమున హాలండుదేశపు ఇంజనీరు బేడన్ గైబెన్, 1901లో జర్మనుదేశపు ఇంజనీరు హెర్జ్‌బెర్గ్, ఒకరితో నొకరికి సంబంధము లేకయే యీ మర్మమునకు లెక్కగట్టిరి. సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక అడుగెత్తున నిలిచినచో, ఆ మట్టమునకు క్రింద సుమారు 40 అడుగులవఱకు మంచినీరే యుండును. వినుటకెంతో యింపైన లెక్క! దీనిని తిరుగవేసి చూడుడు. పైన ఒక్క అడుగు తగ్గినచో, కాలక్రమమున క్రిందనుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి వచ్చును. ఇంటి జమాఖర్చులు వ్రాయుటలో ఆఱితేఱిన సోదరీమణులు మీలో ననేకులున్నారు. రూపాయి వాడుకొన్నందుకు నలువది రూపాయలు నష్టము చూపు పద్దును వారెన్నడైన చూచిరా?

పైకి ఇంత దగ్గరగా నున్న నీరే నేతపనివారికి పగయు నగును. చీరాల, వేటపాలెము పరిసరములందు మగ్గమనగా తఱుచు గుంటమగ్గమే. ఇంటిలో నేల త్రవ్వి, ఆ గుంటలోనికి కాళ్ళు దించి కూర్చుండి నేయుదురు. తీరపు తేమగాలి నూలునకు మంచిది. పొడిగాలిలో పోగు పెళుసై తెగును. కాని ఆశ్వయుజ కార్తికములలో ముసురు పట్టినచో మగ్గపుగుంటలోనికి అడుగునుండియే నీరు ఊఱును. మగ్గము నిలిచిపోవును. కండెలు చుట్టు ఆడువారికిని పనియుండదు. వేసవిలో కడవ నింపిన నీరే వానకాలమున బియ్యపుకుండను వట్టిచేయును.

ఇట్టి నేతపనివారును బీదసాదలును నిండిన యూరికి, సౌకర్యములపేర పన్ను వచ్చిన సంగతి మీలో పెక్కురు వినియే యుందురు. చీరాల అప్పుడు గుంటూరుజిల్లాలోనిది. (1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా ఏర్పడిన జిల్లాలో చేరినది, ఆ జిల్లాకు 1972లో ప్రకాశము పేరు పెట్టిరి, 2022 ఏప్రిలు 4వ తేది నుండి చీరాల బాపట్లజిల్లాలోనిది. ఊరు కదలకయే మూడుజిల్లాలు తిరిగినది!) 1919లో ప్రభుత్వమువారు చీరాల పేరాలలను కలిపి పురపాలకసంఘముగా మార్చిరి. ఊరు బాగుపడునని పాలకుల మాట. ఏటికి 4,000 రూపాయలుగా నున్న పన్ను 40,000 రూపాయలగునని ప్రజల మొఱ. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఆ మొఱకు నాయకులైరి. పన్ను చెల్లింపక చెఱసాలకేగినవారిలో ఒక స్త్రీయు కలదు. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసి, శాంతముగా పన్ను నిరాకరింపవచ్చును, లేదా ఊరే విడువవచ్చును, ఏది చేసినను భారము మీదే యని చెప్పెను. వారు ఊరు విడిచిరి. పదునైదువేల పైచిలుకు జనములో పదుమూడువేలకు మించినవారు పురపాలకపు హద్దు దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని, సుమారు పదునొకండు నెలలు కాపురముండిరి.

చరిత్ర వ్రాసినవారు ఉపన్యాసములను, రామదండును, అరెస్టులను విపులముగా వ్రాసిరి. నా మనస్సు మాత్రము ఆ పాకలలోని పొయ్యిలచుట్టును తిరుగును. అంతమంది జనములో బాలింతలుందురు, పసిబిడ్డలుందురు, మంచము దిగలేని ముసలివారుందురు. వేసవియెండలు, ఆపై వానలు, ఆపై కార్తికపు గాలివానల భయము, అన్నియు ఆ పదునొకండు నెలలలోనే వచ్చినవి. ఉద్యమము నడచినను నిలిచినను తెల్లవాఱుసరికి కడవ నిండవలెను గదా! గోపాలకృష్ణయ్యగారు కారాగృహమునకేగిన తరువాత పట్టు సడలి, 1922లో జనులు తిరిగి యిండ్లు చేరిరి. పురపాలకసంఘము నిలిచినది. సౌకర్యములు వలదని వారు ఊరు విడిచిరని నేననుకొనను. తమ్ము నడిగి, తమ తాహతు చూచి యిమ్మని వారు కోరిరి. నా మట్టుకు ఆ కోరిక న్యాయముగనే తోచును.

శతాబ్దము గడచినది. ఇపుడొక సౌకర్యము ప్రతియింటను వెలసినది. దీనిని ఏ ప్రభుత్వమును మనపై విధింపలేదు. మనమే కోరి తెచ్చుకొంటిమి. అది మోటారు.

మీట నొక్కిన మేడమీది తొట్టి నిండును. దానిని నిందించుట నా యుద్దేశము కాదు. నీరు మోసి మోసి నడుము వంగిన మన అమ్మమ్మలను తలచుకొన్నచో నిందించుటకు నోరు రాదు. కాని చేదకు తెలిసిన మర్యాద మోటారునకు తెలియదు. చేద పైనీటినే ముంచును. పదిచేదలు తోడినచో చేయి అలయును. చేయి అలసి నిలిచినంతసేపు బావి ఊఱును. లోతుగా దింపిన బోరు అడుగునుండి పీల్చును, దానికలయుట లేదు. అది పీల్చుచున్న చోటికి క్రింది యుప్పునీరు పుట్టవలె కూచిగా పైకి లేచును. మీగడ తీయవలసినవారు గరిటె పట్టవలెను గాని కవ్వము పెట్టి త్రిప్పరాదు. పైగా ఒక యింటి బోరు లేపిన యుప్పు ప్రక్కయింటి బావిలోనికిని చేరవచ్చును. ఇండ్లకు ప్రహరీలు కట్టుకొంటిమి; ఇసుకక్రింద ప్రహరీలు లేవు.

కుళాయి వచ్చిన యిండ్లలో ఇంకొక యనర్థము జరుగుచున్నది. పాతబావితో ఇక పనిలేదని దానిని చెత్తతో పూడ్చుటయో, దానిలోనికే మురుగు వదలుటయో చేయుచున్నారు. నల్లరేగడిలో మురుగు మెల్లగా కదలును. ఇసుకలో త్వరగా పాఱును. మరుగుదొడ్డి గుంటకును బావికిని కనీసము 50 అడుగుల యెడముండవలెను. ఇసుకనేలలో ఎంత యెక్కువయున్న నంత మేలు. అంతటి దొడ్డి లేని యిండ్లలో నీరు ఎంత తేటగా కనబడినను, మరగింపక బిడ్డలకు త్రాగనీయకుడు. మరగించిన క్రిములు చచ్చును. ఉప్పు మాత్రము పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును. పటిక వేసినను బురద దిగును గాని ఉప్పు దిగదు. ఈ రెండును ఉప్పునకు మందులని నమ్మి ప్రయాసపడువారికై యింత వివరముగా వ్రాసితిని.

ఇది మన తీరమునకే వచ్చిన చిక్కు కాదు. హాలండులో ఆమ్‌స్టర్‌డామ్ నగరమువారు 1853 నుండి సముద్రపుటొడ్డు ఇసుకదిబ్బల నీటిని గొట్టములద్వారా తెచ్చుకొని త్రాగిరి. నగరము పెరిగినది, తోడుట మితిమీఱినది, ఉప్పునీరు పైకి జరిగినది. 1957 నుండి వారు రైన్ నదినీటిని శుభ్రపఱచి ఆ దిబ్బలలో ఇంకించి, ఆ నీటినే తిరిగి తోడుకొనుచున్నారు. అంతటి ధనికులకే తీసినది తిరిగి పెట్టక తప్పలేదు. మన యింటికి నది యేల? కప్పుమీద పడిన వానను వీథికాలువలోనికి పోనీయక దొడ్డిలోని ఇంకుడుగుంటకు మళ్ళించినచో, ఇసుకనేల ఇట్టే త్రాగివేయును. మరుగుదొడ్డివైపున మాత్రము ఆ గుంట త్రవ్వింపకుడు.

1945లో వ్యవసాయకళాశాల వెలసిన బాపట్లలో ఉప్పునీటి పరిశోధన చేయు శాస్త్రజ్ఞులు పాతదొరువునకే క్రొత్తరూపు కల్పించిరి. నీటిమట్టమునకు కొంచెము క్రిందుగా, చిల్లులుగల గొట్టములకు సన్నని వల చుట్టి, వాలుగా ఇసుకలో పఱచుదురు. పైపైని మంచినీరు వానిలోనికి ఊఱి నడుమనున్న నూతిలో చేరును. దానినుండి చిన్నమోటారుతో తోడుకొందురు. లోతునుండి పీల్చుట లేదు గనుక ఉప్పు లేవదు. కడవతో దిగి పైనీరు ముంచుకొన్న పెద్దల తెలివియే ఇది; మోటారునకు మర్యాద నేర్పిరన్నమాట. తీరమున క్రొత్తగా లేచుచున్న యిండ్లవారును వసతిగృహములవారును బోరు దింపుటకు ముందు దీనినిగుఱించి విచారింపవలెను.

చట్టములును లేకపోలేదు. ప్రజల త్రాగునీటి వనరునకు 250 మీటరులలోపల అనుమతి లేక క్రొత్తబావి త్రవ్వరాదని 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము చెప్పుచున్నది. తీరమందలి ఱొయ్యలచెఱువులవలన పల్లెల బావులు ఉప్పగుచున్నవను మొఱ సుప్రీముకోర్టు వఱకు పోయి, 1996 డిసెంబరు 11వ తేదీని కఠినమైన తీర్పు వచ్చినది. పిమ్మట 2005లో ఆ చెఱువులకు ప్రత్యేకముగా నొక చట్టమును చేసిరి. బావి త్రవ్వినపుడు, చెఱువు త్రవ్వినపుడు ఈ చట్టములను చూపవలసినవారు ఆ వీథివారే.

ఇక ఉప్పెనమాట. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెనను మఱచినవారు లేరు. 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ యల మన తీరమును సైతము తాకినది. ఇట్టి ఆపద తీఱిన మఱునాడు బావిలో సముద్రపునీరు చూచి, మోటారు పెట్టి అడుగంట తోడివేయుట అందఱును చేయు పని. అది చేయరాదు. ఒక్కపెట్టున తోడినచో పైన మిగిలిన కొంచెపు మంచినీరును పోయి, క్రింది ఉప్పు పైకెక్కును. చెత్తయు బురదయు తీసివేసి, కొంచెము కొంచెముగా తోడి బావికి దూరముగా పాఱబోసి, బ్లీచింగుపొడి వేసి, వానలకై వేచియుండవలెను. ఒకటిరెండు వానకాలములు గడచిననాటికి నేల తనంతతానే చాలవఱకు శుభ్రపడును. అంతవఱకు త్రాగునీరు వేఱుచోటినుండి తెచ్చుకొనక తప్పదు.

బావినీరు మాఱుచున్నదని ఇంట మొదట తెలియునది పొయ్యియొద్ద నున్నవారికే. కందిపప్పు నిన్నటికంటె ఆలస్యముగా ఉడుకును. సబ్బు నురుగు రాదు. మజ్జిగలో ఉప్పు తక్కువ వేసినను సరిపోయినట్లుండును. మగవారితో చెప్పిన "నీకు తోచినది లే" అందురు. కాన వ్రాసియుంచుడు. వైశాఖమున నొకమాఱు, కార్తికమున నొకమాఱు, అదేగిన్నెలో అంతేపప్పు అంతేనీటితో వండి, ఎంతసేపు పట్టినదో పంచాంగపు టంచున తేదీతో వ్రాయుడు. ఎదురింటి వదినగారిచేతను, ప్రక్కయింటి పిన్నిగారిచేతను అట్లే వ్రాయింపుడు. పదియిండ్ల పంచాంగములు ఒకేమాట చెప్పినపుడు బావినీరు పరీక్ష చేయింపుమని పురపాలకసంఘమువారిని అడుగవచ్చును. ఆ సభలలో మూడవవంతునకు తగ్గకుండ స్త్రీలకు స్థానము లుండవలెనని 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగసవరణ విధించినది. 1919లో చీరాల ఆడువారికి ఆ యవకాశము లేదు.

మీ బావినీటి రుచి ఏ మాసమున మాఱుచున్నదో, బావి లోతెంతయో, సముద్రమునకు ఎంతదూరమో తెలిపి వ్రాయు సోదరీమణుల లేఖలను ఈ పుటలలో ప్రకటింతుము.