గేటు దాటని నైపుణ్యం

బీటెక్ పట్టా చేతికొచ్చి ఏడాది దాటినా ఉద్యోగం రాని పిల్లలకు మన ఇళ్లలో వినిపించే సలహా ఒకటుంది: ‘ముందు బీడీఎల్‌లోనో డీఆర్‌డీవోలోనో అప్రెంటిస్‌గా చేరు, పర్మినెంటు తర్వాత అదే అవుతుంది.’ చేరమనడం మంచి సలహాయే. పర్మినెంటు మాటకే చట్టంలో ఎక్కడా ఆధారం లేదు.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం పరిధిలోకి డిగ్రీ, డిప్లొమా ఇంజినీర్లను తెచ్చింది 1973 సవరణ. ఆ చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థే తప్ప కార్మికుడు కాడు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం యజమానికి లేదు. 1995లో యూపీ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు కొంత ఊరట ఇచ్చింది. మిగతా అర్హతలన్నీ సమానమైతే శిక్షణ పొందినవారికి ప్రాధాన్యం ఇవ్వాలంది. వినడానికి బాగుంది. దశాంశ స్థానం దాకా మార్కులు లెక్కగట్టే చోట ఇద్దరు సమానమయ్యేదెప్పుడు? డీఆర్‌డీవో సైంటిస్టు-బి పోస్టులకు వడపోత గేట్ పరీక్ష స్కోరుతో జరుగుతుంది. పక్క ల్యాబులోనే ఏడాది పనిచేసిన అనుభవం ఆ వడపోతలో లెక్కకు రాదు.

అయినా చేరమనే అంటాను. స్టైపెండ్ చూసి కాదులెండి. 2019 నిబంధనలు గ్రాడ్యుయేట్‌కు నెలకు కనీసం 9,000, డిప్లొమావారికి 8,000 రూపాయలు నిర్ణయించాయి. ఆ కనీస మొత్తంలో సగం జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం (నాట్స్) కింద కేంద్రమే భరిస్తుంది. స్టైపెండ్‌ను 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. శ్రీకాకుళం నుంచి వచ్చి హైదరాబాద్ చంపాపేటలో గది తీసుకున్న కుర్రాడికి, పెంచాక కూడా అద్దెకూ మెస్సుకూ సరిపోతే గొప్పే.

చేరాల్సింది అక్కడ అలవడే పనితీరు కోసం. కాలేజీ వర్క్‌షాపులో బోల్టు గట్టిగా బిగిస్తే చాలు. బీడీఎల్ లాంటి చోట క్షిపణి అసెంబ్లీలో ‘గట్టిగా’ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఎంత టార్క్ అన్నది డ్రాయింగ్‌లో ఉంటుంది. బిగించిన విలువ జాబ్ కార్డులో రాయాలి. టార్క్ రెంచ్ మీద అంటించిన కాలిబ్రేషన్ స్టిక్కర్ గడువు నిన్నటితో తీరిపోయిందా, అది ఎంత బాగా పనిచేస్తున్నా ముట్టుకోకూడదు. డ్రాయింగ్ పాత రివిజన్‌ది అయితే, దాని ప్రకారం తుచ తప్పకుండా చేసిన భాగం కూడా రిజెక్టే. ఇన్‌స్పెక్టర్ ముద్ర పడనిదే ముక్క తర్వాతి దశకు కదలదు. ఈ చాదస్తం బీటెక్ నాలుగేళ్లలో ఎవరూ నేర్పరు, నేర్పలేరు కూడా. పొరపాటు ఖరీదు కళ్లెదుట కనిపించే చోటే అది ఒంటబడుతుంది.

ఇంత విలువైన ఏడాది, సర్టిఫికెట్‌కు వచ్చేసరికి ఒక్క వాక్యంలో తేలిపోతుంది: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా శిక్షణ పూర్తిచేశారు. ఆదిబట్లలోనో బాలానగర్‌లోనో ఏదైనా కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్తే ‘అక్కడ ఏం చేశావు?’ అన్న ప్రశ్నకు పిల్లవాడు నీళ్లు నములుతాడు. ఏది చెప్పకూడదో, ఏది చెప్పవచ్చో అతనికి విడమరచి చెప్పినవారు లేరు. అధికార రహస్యాల చట్టం గుర్తొస్తేనే నోరు పెగలదు. చేసిన పనిని రోజూ నోట్‌బుక్‌లో రాయాలని నిబంధన ఉంది. రక్షణ సంస్థలో రాసిన నోట్‌బుక్ సహజంగానే గేటు లోపలే ఉండిపోతుంది.

గోప్యత ఉండాల్సిందే. ఏ క్షిపణికి ఏ భాగం, ఎన్ని, ఏ కొలతలతో అన్నవి బయటికి పొక్కకూడదు. కానీ ఈ అబ్బాయికి అల్ట్రాసోనిక్ పరీక్ష చేయడం వచ్చు, సీఎంఎం (కోఆర్డినేట్ మెజరింగ్ మెషిన్) మీద కొలతలు తీయగలడు, మైక్రోస్కోప్ కింద సోల్డరింగ్ లోపాలు పట్టగలడు, వీటిలో ఫలానావి సొంతంగా, ఫలానావి పర్యవేక్షణలో అని సంస్థ భద్రతా విభాగం చూసి ఆమోదించిన పట్టిక ఒకటి సర్టిఫికెట్‌కు జతచేస్తే ఏ రహస్యం బయటపడుతుంది? హిందుస్థాన్ షిప్‌యార్డ్ 2023లో నౌకాదళం కోసం రక్షణ మంత్రిత్వ శాఖతో ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకల ఒప్పందం కుదుర్చుకుంది. అంతంత నౌకలు కట్టే చోట వెల్డింగ్ నాణ్యత పరీక్షించడం తెలిసినవాడి విలువ వేరే చెప్పాలా? ఆ తెలిసినవాణ్ని కాగితం చూసి గుర్తుపట్టే వీలు మాత్రం ఇవాళ లేదు.

ఇప్పుడు తనిఖీ జరిగేది తలల లెక్కకే. 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. సంఖ్య నిండితే నివేదిక పచ్చగా ఉంటుంది. ఆ సంఖ్యలో ఎందరు మెషిన్ ముందు నిలబడ్డారు, ఎందరు ఎక్సెల్ షీట్లు నింపారు అన్న వివరం ఎవరూ అడగరు. పట్టిక తప్పనిసరి చేస్తే ఈ ప్రశ్న దానంతటదే లేస్తుంది, ఎందుకంటే ఖాళీ పట్టిక మీద సంతకం పెట్టడానికి ఏ అధికారైనా జంకుతాడు. దీనికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు, రక్షణ ఉత్పత్తి విభాగం తన కింది సంస్థలకు ఒక సర్క్యులర్ పంపితే చాలు.

కొన్ని తయారీ షాపుల్లో పని పద్ధతే రహస్యం కదా అని అభ్యంతరం రావచ్చు. నిజమే, ప్రత్యేక లోహాలు కరిగించే చోట, ప్రొపెలెంట్ పోసే చోట అలాగే ఉంటుంది. అలాంటి విభాగాలకు అప్రెంటిస్‌ను కేటాయించకపోవడమే మేలు. లోపలికి రానివ్వని షాపు పేరిట పోస్టింగ్ ఇచ్చి, పన్నెండు నెలలూ ఆఫీసు గదిలో ఫైళ్లు మోయించడం అటు సంస్థకూ ఇటు శిక్షణార్థికీ నష్టం.