పాయింట్లు సమానమైతే కప్పు ఎవరిది?

కాలేజీల మధ్య ఆటల పోటీలు జరిగినప్పుడు చివరి రోజున తరచు ఒక తగవు వస్తుంది. రెండు మూడు జట్లకు పాయింట్లు సమానంగా ఉంటాయి. కప్పు మాత్రం ఒక్కటే. నిర్వాహకులు కాగితాలు ముందేసుకుని ఏవో లెక్కలు కట్టి ఒక జట్టు పేరు చదువుతారు. ఆ జట్టువారు ఈలలు వేస్తారు. తక్కినవారు "మేమేం తక్కువ?" అని గొణుక్కుంటూ బస్సెక్కుతారు. ఆ లెక్క ఏమిటి, అది న్యాయమైనదేనా అని అడిగేవారు అరుదు. బాలలారా! ఈ ప్రశ్న ఆటగాళ్లది మాత్రమే కాదు, సైన్సు చదివే మీది కూడా. ఎందుకంటే ఇది కొలతకు సంబంధించిన ప్రశ్న.

ఇలా సమానం కావడం ఎంత తరచుగా జరుగుతుందో ముందు చూద్దాం. 1954లో తిరుపతిలో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పోటీల్లో తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి కాలేజీలు కబడ్డీ లీగు ఆడుతున్నాయనుకుందాం. ప్రతి జట్టూ తక్కిన మూడింటితో ఒక్కొక్కసారి ఆడుతుంది. మొత్తం 6 ఆటలు. 'డ్రా' లేదనుకుంటే ఒక్కొక్క ఆటకు రెండే ఫలితాలు. కనుక 2ను ఆరుసార్లు వేసి గుణించగా వచ్చే 64 రకాలుగా ఈ పోటీ ముగియవచ్చు. ఓపికగా రాసి చూస్తే అవి ఇలా విడిపోతాయి:

24 రకాల్లో జట్లకు వరుసగా 3, 2, 1, 0 గెలుపులు. ఏ తగవూ లేదు.
8 రకాల్లో 3, 1, 1, 1 గెలుపులు. మొదటి స్థానానికి తగవు లేదు.
24 రకాల్లో 2, 2, 1, 1 గెలుపులు. మొదటి స్థానంలో ఇద్దరు.
8 రకాల్లో 2, 2, 2, 0 గెలుపులు. మొదటి స్థానంలో ముగ్గురు.

అంటే నాలుగు జట్లూ సమ ఉజ్జీలైతే, 64లో 32 సార్లు, సరిగ్గా సగం సార్లు, మొదటి స్థానానికి ఒకరికంటె ఎక్కువమంది ఉంటారు! విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీల్లో చివరికి మిగిలిన నాలుగు జట్లకు లీగు పెట్టే పద్ధతి చాలా ఆటల్లో ఉంది. కాబట్టి ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే చిక్కు కాదు. వస్తుందని ముందే తెలిసిన చిక్కు.

ఇప్పుడు మీ ప్రయోగశాలకు వెళదాం. వెర్నియర్ కాలిపర్స్ కనీసపు కొలత 0.01 సెం.మీ. రెండు గోళీల వ్యాసాలు దానిమీద ఒకే రీడింగు చూపాయి. ఏ గోళీ పెద్దది? "ఈ పరికరంతో చెప్పలేను" అన్నదే సరైన జవాబు. అలా కాక ఒక విద్యార్థి రెంటినీ త్రాసులో వేసి, "ఎర్రగోళీ బరువెక్కువ, కనుక అదే పెద్దది" అని రికార్డు పుస్తకంలో రాస్తే ఏమంటారు? తూచినది నిజమే కావచ్చు. కాని అడిగింది వ్యాసం, చెప్పింది బరువు. పాయింట్ల పట్టిక కూడా ఒక కొలబద్దే. పాయింట్లు సమానమైనాయంటే ఆ కొలబద్ద తన పని ముగించిందన్నమాట. ఆ తరవాత ఏ లెక్క వేసినా అది అదే సంగతిని ఇంకా సూక్ష్మంగా కొలవడం కాదు. మరొక సంగతిని కొలవడం.

మనవాళ్లు ఎందరో తమదిగా భావించే హైదరాబాదు క్రికెట్ జట్టు విషయమే చూడండి. 2019 ఐపీఎల్ లీగులో సన్‌రైజర్స్ హైదరాబాదు, కోల్‌కతా, పంజాబు జట్లు మూడూ 14 ఆటలు ఆడి ఆరేసి గెలిచాయి. మూడింటికీ 12 పాయింట్లే. మిగిలినది నాలుగో స్థానం ఒక్కటే. నెట్ రన్ రేటు చూశారు. అంటే ఒక జట్టు ఓవరుకు సగటున చేసిన పరుగుల్లోంచి, ఓవరుకు సగటున ఇచ్చిన పరుగులను తీసివేయగా వచ్చేది. హైదరాబాదుకు 0.577, కోల్‌కతాకు 0.028, పంజాబుకు −0.251. హైదరాబాదు ముందుకు వెళ్లింది. మనకు సంతోషమే.

కాని ఈ మూడు జట్లూ తమలో తాము ఆడుకున్న ఆటలే చూస్తే సంగతి మారిపోతుంది. హైదరాబాదు, కోల్‌కతా చెరొకటి గెలిచాయి. హైదరాబాదు, పంజాబు కూడా చెరొకటి గెలిచాయి. కోల్‌కతా మాత్రం పంజాబును రెండుసార్లూ ఓడించింది. అంటే నాలుగేసి ఆటల్లో కోల్‌కతాకు 3 గెలుపులు, హైదరాబాదుకు 2, పంజాబుకు 1. ఆ నియమమే ఉంటే వెళ్లవలసింది కోల్‌కతా! ఆటలు అవే, పరుగులు అవే. నియమం మారితే విజేత మారాడు. ఇంకొక విశేషం: మార్చి 31న హైదరాబాదు జట్టు బెంగుళూరును 118 పరుగుల తేడాతో ఓడించింది. ఆ 0.577లో ఎక్కువ భాగం ఆ ఒక్క ఆటలో వచ్చిందే. ఆ ఏడు పట్టికలో అడుగున నిలిచినది ఆ బెంగుళూరే.

మనవారు లాభపడ్డారు కనుక ఆ నియమం మంచిదనడం శాస్త్రజ్ఞుల పద్ధతి కాదు. అంతకంటె ముఖ్యంగా, తేడాలను లెక్కించే నియమం ఆటనే మారుస్తుంది. గెలిచిన జట్టు గెలుపుతో తృప్తిపడక, బలహీనమైన జట్టును ఇంకా ఇంకా చితకగొట్టవలసి వస్తుంది. పదిమంది పిల్లలను కూడగట్టుకుని మొదటిసారి పోటీకి వచ్చిన పల్లెటూరి జట్టును ఊహించుకోండి. వారు తమ ఆటను తాము ఆడుకోవడానికి వచ్చారు. ఇతరుల సగటులు పెంచడానికి కాదు. ఒకసారి అలా నలుగురిలో నవ్వులపాలైన జట్టు మరుసటి ఏడు వస్తుందా?

అయితే ముఖాముఖి ఆటలు చూస్తే చాలునా? ఇద్దరే సమానమైతే చాలు. పైన చెప్పిన 24 రకాల్లోనూ ఆ ఇద్దరిలో ఎవరు ఎవరిని ఓడించారో చూస్తే తగవు తీరిపోతుంది. మిగిలిన 8 రకాల్లో అది కుదరదు. అక్కడ తిరుపతి చిత్తూరును, చిత్తూరు మదనపల్లెను, మదనపల్లె మళ్లీ తిరుపతిని ఓడించి ఉంటాయి. రాయి, కాగితం, కత్తెర ఆటలాగా అది ఒక చక్రం.

అమెరికాలో కాలేజీ జట్లను కాన్ఫరెన్సులనే బృందాలుగా కూర్చి ఆడిస్తారు. 2008లో బిగ్ 12 కాన్ఫరెన్సు దక్షిణ విభాగంలో సరిగ్గా ఇదే జరిగింది. వారి తరహా ఫుట్‌బాల్‌లో టెక్సాస్ 45-35తో ఒక్లహోమాను, టెక్సాస్ టెక్ 39-33తో టెక్సాస్‌ను, ఒక్లహోమా 65-21తో టెక్సాస్ టెక్‌ను ఓడించాయి. కాన్ఫరెన్సులో మూడింటికీ ఏడేసి గెలుపులు, ఒక్కొక్క ఓటమి. అప్పటి నియమం ప్రకారం, ఓట్లూ కంప్యూటర్ లెక్కలూ కలిపి తయారుచేసే జాతీయ ర్యాంకుల పట్టికను చూసి ఒక్లహోమాను ఫైనల్‌కు పంపారు. "మేము ఓడించిన జట్టు మాకంటె పైనా?" అని టెక్సాస్ అభిమానులు వాపోయారు. వారి బాధ నిజమైనదే. కాని టెక్సాస్‌ను పంపితే టెక్సాస్ టెక్ వారూ అదే మాట అనేవారు. చక్రానికి మొదలు ఎక్కడ? ఎవరు ఉత్తములు అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దాగి లేదు. అసలు జవాబే లేదు.

ఇక నా అభిప్రాయం చెబుతాను. మొదటిది, నియమం ఏదైనా మొదటి ఆటకు ముందే కాగితం మీద రాసి అందరికీ చూపాలి. ఫలితాలు తెలిశాక ఎంచుకున్న నియమం నియమమే కాదు. రెండవది, సమానమైన జట్లు తమలో తాము ఆడిన ఆటలనే ముందు చూడాలి. మూడవది, అది చక్రమైతే, వ్యవధి ఉంటే మళ్లీ ఆడించాలి. వ్యవధి లేకపోతే కప్పును పంచాలి. ఒక్క జట్టే పై పోటీకి వెళ్లవలసి ఉంటే అందరి ఎదుట చీటీ తీయాలి.

చీటీ అంటే నవ్వకండి. ఎన్నికల్లో ఇద్దరు అభ్యర్థులకు ఓట్లు సమానంగా వస్తే చీటీయే తీయాలని 1951 నాటి మన ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షను చెబుతోంది. చీటీలో ఒక సుగుణం ఉంది. అది అబద్ధమాడదు. చీటీలో ఓడిన పిల్లవాడికి "నీకు అదృష్టం కలిసిరాలేదు" అని చెప్పగలం. దశాంశ స్థానాల్లో ఓడినవాడికి మాత్రం "నీవు తక్కువవాడివి" అని చెప్పినట్లవుతుంది. అది రుజువు కాని మాట.

ఎక్కువ ఆటలను లెక్కలోకి తీసుకునే సగటు ఎక్కువ నమ్మదగినది కదా అని కొందరు అడగవచ్చు. ప్రయోగంలో పదిసార్లు కొలిచి సగటు తీయమని మేమే చెబుతాము. నిజమే. కాని ఆ పదిసార్లూ ఒకే వస్తువును కొలవాలి. బలహీనుల మీద ఎంత తేడాతో గెలిచారన్నది వేరే వస్తువు.

మీ బడిలో ఈసారి ఆటల పోటీలు పెట్టినప్పుడు డ్రిల్లు మాస్టారిని ముందుగానే ఒక మాట అడగండి: "సార్, పాయింట్లు సమానమైతే ఏం చేస్తారు?" జవాబు వచ్చాక దాన్ని నోటీసు బోర్డు మీద పెట్టమనండి. ఆ తరవాత ఓడినా గెలిచినా ఎవరూ గొణుక్కోనక్కరలేదు.