రాంబిల్లి తీరము - రాడారుకు చిక్కని డ్రోను

అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరమున మన నౌకాదళము జలాంతర్గాముల స్థావర నిర్మాణమునకు పూనుకొనిన సంగతి పాఠకు లెరిగినదే. పెద్ద యుద్ధవిమానమును దూరముననే పసిగట్టు సాధనములు మనకు లేకపోలేదు. నేడు ఇట్టి స్థావరములకు వచ్చిన చిక్కు అంతకంటె చిన్నది. చిన్నది కావుననే కష్టమైనది. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరముపై ప్రేలుడు పదార్థములను జారవిడిచినవి చిన్న డ్రోనులే.

రాడారు తరంగము పోవునపుడు చెదరును. తగిలి మరలునపుడును చెదరును. అందుచేత దూరము రెట్టింపైనచో ప్రతిధ్వని సగము కాదు, పదునారవ వంతగును. ఇదే లెక్కను తిరుగవేసి చూడుడు. నూరు చదరపు మీటర్ల ప్రతిఫలన వైశాల్యము గల విమానమును 200 కిలోమీటర్ల నుండి చూడగల రాడారు, అందు పదివేలవ వంతు, అనగా 0.01 చదరపు మీటరు గల డ్రోనును 20 కిలోమీటర్ల నుండి చూడవలెను. నల్లబల్లపై వేసి చూపదగిన లెక్క యిది. ఇరువది కిలోమీటర్లు చాలవా యని విద్యార్థి యడుగవచ్చును. నల్లబల్లపై చాలును.

తీరమున కెరటములున్నవి, చెట్లున్నవి, గుట్టలున్నవి, పక్షులున్నవి. వీని యన్నిటి ప్రతిధ్వనులును తెరపై పడినచో చూచువానికి ఏమియు తెలియదు. కావున బెల్లము వండువాడు పానకముపై తేలిన తెట్టెను తీసివేయునట్లు, కదలనివానిని, మెల్లగా కదలువానిని రాడారు తీసివేయును. నేల కానుకొని మెల్లగా వచ్చు డ్రోను ఆ తెట్టెతోనే పోవును. పట్టు సడలించినచో ప్రతి కొంగయు శత్రువే. లోపము రాడారు బలములో కంటె ఏరివేతలోనే యున్నదని నా యభిప్రాయము.

కొంగకును డ్రోనుకును భేదము రెక్కలలో గలదు. పక్షి రెక్క మెల్లగా కొట్టుకొనును. డ్రోను రెక్కలు అతివేగముగా తిరుగుచు ప్రతిధ్వని పౌనఃపున్యమున సన్నని చలనములను కల్పించును. శాస్త్రజ్ఞులు వానినే వెదకుచున్నారు. కాని ఆ రెక్కలు తరచుగా ప్లాస్టిక్కువి, బెత్తెడువి. దగ్గరకు వచ్చిన గాని వాని జాడ తెలియదు. మూడు కిలోమీటర్ల వద్ద తెలిసినదనుకొందము. సెకనుకు 15 మీటర్ల వేగమున వచ్చు డ్రోను 200 సెకన్లలో నెత్తిపై నుండును. రేడియో సంకేతములను ఆలకించు యంత్రములు తోడ్పడునుగాని, ముందే దారి నిర్ణయింపబడి మౌనముగా వచ్చుదానిని అవి వినజాలవు.

ఇంకొక చిక్కు కలదు. మన రైతులును నేడు చేలపై మందు చల్లుటకు డ్రోనులను వాడుచున్నారు. వానికి 2021 నాటి నియమావళి ననుసరించి నమోదు సంఖ్య యుండవలెను. ఆ సంఖ్య రాడారు ప్రతిధ్వనిలో రాదు. ఏ పొలముపై ఏ వేళ మందు చల్లుదురో గ్రామము నుండి ముందే కబురు అందినగాని, తెరముందు కూర్చున్నవానికి ఆ 200 సెకన్లు చాలవు.